హామీ ఇయ్యని తపాలా
తంతి నడిచిన దారి – 7వ భాగము

గత సంచికలో మనము 1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి పదిన్నర గంటలకడ కథను నిలిపితిమి. లాస్ ఏంజెలెసులోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున కూర్చున్న ఒక విద్యార్థి ‘లాగిన్’ అను మాటను అక్షరమక్షరముగా స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థలోని యంత్రమునకు పంపబోవుట, ‘ఎల్’, ‘ఓ’ అను రెండక్షరములు చేరునంతలో అవతలి యంత్రము కూలబడుట, కొంతసేపటికి అది మరల లేచి పూర్తి మాటను అందుకొనుట చదువరులకు జ్ఞాపకముండును. ఆ ఏడాది ముగియునప్పటికి నాలుగు తావులు తంతితో ముడిపడెను. మరుసటి ఏడాది చివరకు ఆ యంత్రములు తమలో తాము మాటలాడుకొనుటకు ఒక నియమావళియు ఏర్పడెను. దాని పేరు ఎన్‌సీపీ. అయితే నేడు మన చేతిలోని ఫోను పలుకు ప్రతి పలుకును మోయుచున్నది ఆ నియమావళి కాదు. అది పండ్రెండేండ్లు బ్రతికి, ముందుగా నిర్ణయించిన ఒక తేదీన పదవి దిగెను. దాని స్థానమునకు వచ్చినది ఎట్లు పుట్టినదో, ఎవరెవరు ఎక్కడెక్కడ తగవులాడుకొని దానికొక రూపము తెచ్చిరో చెప్పుట ఈ భాగమున నా పని.

ముందు మాట సంగతి. ‘ప్రోటోకాల్’ అనునది గ్రీకు పదము. మొదటి జిగురు అని దాని అక్షరార్థము. పూర్వము పపైరస్ చుట్టలకు మొదట అతికించి, లోపల ఏమున్నదో తెలుపు పత్రమునకు ఆ పేరుండెను. అది కాలక్రమమున రాయబారుల చేత పడి, ఏ దేశపు ప్రతినిధి ఏ కుర్చీలో కూర్చుండవలెనో చెప్పు శాస్త్రమయ్యెను. ఇంగ్లండులోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు 1967లో కంప్యూటర్ల సంభాషణకు ఆ పదమును వాడిరి. మన భాషలో దీనిని నియమావళి అనువారు కలరు, సంప్రదాయమనువారు కలరు. నన్నడిగినచో ‘మర్యాద’ అనుటయే ఒప్పు. సంస్కృతమున ఆ మాటకు హద్దు అని, సముద్రపు చెలియలికట్ట అని అర్థము. తెలుగున వియ్యాలవారిని వాకిట ఎదుర్కొని కాళ్లకు నీళ్లిచ్చు పద్ధతికి ఆ పేరే. రెండు కంప్యూటర్ల నడుమ కావలసినది ఈ రెండర్థములును కలిసినది: ఎవరు ముందు పలుకవలెను, ఎంతసేపు కాచుకొనవలెను, బదులు రాకున్న ఏమి చేయవలెను, ఎక్కడ ఆపవలెను. మనుష్యులయినచో మర్యాద కొంచెము తప్పినను ఎదుటివాని ముఖము చూచి గ్రహించి సర్దుకొందురు. యంత్రమునకు ముఖము లేదు. అందుచేత ఇందులో వ్రాయక విడిచిన ప్రతి సంగతియు ఏదో ఒకనాడు కలహమై తిరిగివచ్చును.

యంత్రములను తంతితో కలుపు పనిని అమెరికా రక్షణశాఖకు చెందిన ఆర్పా సంస్థ ‘బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్’ అను కంపెనీకి అప్పగించినది గాని, కలిసిన పిదప అవి ఏ తీరున మాటలాడుకొనవలెనో నిర్ణయింపుమని పెద్దలెవ్వరికిని ఉత్తరువు ఇయ్యలేదు. ఆ భారము ఆయా విశ్వవిద్యాలయములలో ఇంకను చదువు ముగియని విద్యార్థుల నెత్తిన పడెను. వారిలో స్టీవ్ క్రాకర్, వింట్ సెర్ఫ్, జాన్ పోస్టెల్ అను ముగ్గురును లాస్ ఏంజెలెసు నగరములోని వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో చదివినవారు. అధికారము, అనుభవము గలవారెవరో నేడో రేపో తూర్పు తీరమునుండి దిగి, ‘ఇక మీరు లేవండి, మేము చూచుకొందుము’ అందురని ఈ పిల్లలు నిరీక్షించుచుండిరి. ఎవ్వరును రాలేదు.

1969 ఏప్రిలు 7వ తేదీన క్రాకర్ తమ చర్చల సారమును ఒక పత్రముగా కూర్చెను. తాను దిగిన ఇంటిలోనివారికి నిద్రాభంగము కాకుండుటకై రాత్రివేళ స్నానాలగదిలో కూర్చుండి దానిని వ్రాసినట్లు ఆయనయే తరువాత చెప్పియున్నాడు. దానికి ఏమి పేరు పెట్టవలెనన్న విషయమున ఆయనకు భయము పట్టుకొనెను. ‘శాసనము’ అన్నను, ‘ప్రమాణము’ అన్నను, మీరెవరయ్యా శాసించుటకని అడుగువారుందురు. అందుచేత ‘అభిప్రాయములు కోరుచున్నాము’ అను అర్థము వచ్చునట్లు ‘రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్’ అని పెట్టెను. ఆ పత్రము మొదటిది. ఆ దినములలో అట్టి పత్రములను కాగితముమీద అచ్చొత్తి మామూలు తపాలాలో పంపుకొనెడివారు. కంప్యూటర్ల తపాలాను కనిపెట్టుటకు పోస్టుబంట్రోతు సాయము కావలసివచ్చెను. ‘ఆర్‌ఎఫ్‌సీ’ అని పొట్టిపేరు పడిన ఆ పత్రముల సంఖ్య నేటికి తొమ్మిది వేలు దాటినది. ప్రపంచమంతయు శిరసావహించు నిబంధనలకు ఈనాటికిని ఆ వినయపు పేరే ఉన్నది. ఆ పేరు భయమువలన పుట్టినదైనను, దానివలన కలిగిన మేలు ఇంతింతనరానిది: తప్పు చూపినవానిని విరోధిగా గాక, పనిలో పాలుపంచుకొన్నవానిగా ఎంచు అలవాటు అక్కడ పాదుకొన్నది.

ఇక ఎన్‌సీపీ కొరత ఏమనగా, అది తంతిని నమ్మినది. అడుగున ఉన్న వ్యవస్థ ప్రతి ముక్కను క్షేమముగా, వరుస తప్పకుండ చేర్చునని దాని విశ్వాసము. ఒక్క ముక్క దారిలో పోయినచో ఏమి చేయవలెనో దానికి తెలియదు, కొయ్యబారి నిలిచిపోవును. ఒకే యజమాని, ఒకే జాతి తంతులు ఉన్నంతకాలము ఆ నమ్మకము చెల్లినది. 1972 అక్టోబరులో వాషింగ్టన్ నగరములో ఒక హోటలున పండితుల ఎదుట ఈ తంతుల, యంత్రముల అల్లికను ప్రదర్శించిన బాబ్ కాన్, ఆ తరువాత ఆర్పా కొలువులో చేరి, మరి రెండు అల్లికలను తలకెత్తుకొనెను. ఒకటి రేడియోది: కదలు బండిలోనివారును మాటలాడవచ్చును గాని, బండి వంతెన క్రిందికో కొండ చాటునకో పోయిన క్షణమున ధ్వని తెగును. రెండవది ఉపగ్రహముది: అట్లాంటిక్ సముద్రమును ఒక్క అంగలో దాటవచ్చును గాని, ముప్పదియారు వేల కిలోమీటర్లు పైకి పోయి అంతయు క్రిందికి దిగి వచ్చుటకు పావు సెకండు పట్టును. ఒకదానికి తొందర, ఒకదానికి మతిమరుపు, ఒకదానికి ఆలస్యము. ఈ మూడింటిని ఒక పంక్తిని కూర్చుండబెట్టుట ఎట్లు?

అధికారము చేతనున్నవానికి సులభోపాయము ఒకటి తోచును: మూడింటిని ఒక్కతీరుగా మార్చుమని ఉత్తరువు చేయుట. కాన్ అట్లు చేయలేదు. ఆయన పెట్టుకొన్న కట్టుబాట్లు దానికి వ్యతిరేకమైనవి. ఏ అల్లికయు ఈ కూటమిలో చేరుటకై తన లోపలి ఏర్పాటును మార్చుకొననక్కరలేదు. చేర్చుటకు చేతనైనంత ప్రయత్నము చేయవలెను. చేరనిచో పంపినవాడే మరల పంపుకొనును. రెండు అల్లికల సరిహద్దున నిలుచు ద్వారము వంటి యంత్రము తనగుండ పోవు మాటల ముక్కలను, అనగా పొట్లములను, ఇటునుండి అటు అందించును గాని, ఎవరి సంభాషణ ఎంతవరకు వచ్చినదో గుర్తుపెట్టుకొనదు. అన్నిటిని ఏలు కేంద్రమొకటి ఉండదు. గమనింపుడు, ఇందులో అల్లికలనుండి కోరినది దాదాపు ఏమియు లేదు. ఇంత తక్కువ కోరుటయే ఈ మర్యాదకు ప్రాణమని నా అభిప్రాయము. తరువాతి కథయంతయు దీని ఫలమో, దీనికి చెల్లించిన మూల్యమో అగును.

ఈ ఊహ కాన్‌కు ఒక్కనికే కలిగినదనుట పొరపాటు. ఫ్రాన్సున లూయీ పూజాన్ అను ఇంజనీరు ‘సిక్లాడ్’ అను అల్లికను కట్టుచు, ముక్కల వరుసను, లోటును చూచుకొను బాధ్యతను నడిమి తంతులనుండి తీసి కొసలనున్న కంప్యూటర్ల మీద పెట్టెను. అందులో పొట్లములను మోయు భాగమునకు ‘సిగాల్’ అని పేరు. అది కీచురాయి వంటి ఒక పురుగు పేరు. యంత్రమునకు ఒక ధ్వనిపెట్టెను తగిలించి, పొట్లము దాటినప్పుడెల్ల కిచకిచ వినబడునట్లు చేసిరట. పూజాన్ బృందములోని ల లాన్ అను యువకుడు స్టాన్‌ఫర్డునకు వచ్చి సెర్ఫ్‌తో కలిసి పనిచేసెను కూడ. ఆ ఫ్రెంచి అల్లిక మాత్రము అక్కడి తపాలా, టెలిఫోనుశాఖ ఆదరణకు నోచుకొనక, ప్రభుత్వము సొమ్ము నిలిపివేయగా కృశించిపోయెను. టెలిఫోనుశాఖలవారి తలపు వేరు: మాట సాగినంతసేపు దారి తమ అధీనమున ఉండవలెను, చేర్చు పూచీ తమది, అందుకు రుసుమును తమది. 1976లో అంతర్జాతీయ సంఘములో వారు అంగీకరించిన ఎక్స్ 25 అను నిబంధన ఆ తలపునకు ప్రతిరూపము. వారిని నిందింపరాదు, నూరేండ్లుగా టెలిఫోనును నడిపినవారు మరియొక తీరున ఆలోచించుట కష్టము.

1973 వసంతమున కాన్ స్టాన్‌ఫర్డునకు పోయి, అప్పటికి అక్కడ ఉపాధ్యాయుడుగా ఉన్న సెర్ఫ్‌ను కలిసికొనెను. ద్వారయంత్రముల ఏర్పాటును తాను శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక హోటలు వసారాలో కూర్చుండి, ఒక కవరు వెనుక గీసికొంటినని సెర్ఫ్ చెప్పును. ఆ సెప్టెంబరులో ఇంగ్లండున ససెక్సు విశ్వవిద్యాలయమున కూడిన సభలో వారు తమ ముసాయిదాను పదుగురి ఎదుట పెట్టిరి. 1974 మే నెలలో అది ఒక శాస్త్రపత్రికలో అచ్చుపడెను. పేర్లలో ఎవరిది ముందుండవలెనన్న దానికి నాణెము ఎగురవేసిరి, సెర్ఫ్ గెలిచెను. మన పండితులు ఇట్టి సందర్భములలో ఏమి ఎగురవేసెదరో చెప్పను.

ఆ వ్యాసములోని ముఖ్యోపాయము మన తపాలాలో ఎన్నడో ఉన్నదే. ఉత్తరము రైలు దిగి పడవ ఎక్కినను, పడవ దిగి బంట్రోతు సంచిలో పడినను, కవరు మారదు, సంచియే మారును. రైలుకు పడవ సంగతి తెలియనక్కరలేదు. అట్లే కంప్యూటరు తన మాటను ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కను పొట్లము కట్టి, పైన చిరునామా వ్రాయును. తంతి దానిని తన సంచిలో, రేడియో తన సంచిలో, ఉపగ్రహము తన సంచిలో మోయును. సరిహద్దునున్న ద్వారము ఒక సంచి విప్పి మరియొక సంచిలో వేయును.

వ్యాసము వ్రాయుట ఒకటి, దానిని యంత్రమునకు అర్థమగునట్లు చెప్పుట మరియొకటి. 1974 డిసెంబరులో సెర్ఫ్‌తో కలిసి పూర్తి నిబంధనను వ్రాసినవారు ఇద్దరు విద్యార్థులు: కార్ల్ సన్‌షైన్, యోగేన్ దలాల్. ఈ దలాల్ బొంబాయి ఐఐటీలో పట్టము పుచ్చుకొని స్టాన్‌ఫర్డు చేరినవాడు. ఇంటర్నెట్టు అను మాట మొదటిసారి శీర్షికకెక్కిన ఆ పత్రముమీద ఒక భారతీయుని పేరుండుట మనవారిలో పలువురు ఎరుగరు. మరుసటి ఏడు స్టాన్‌ఫర్డులోను, బోల్ట్ బెరానెక్ కంపెనీలోను, లండను యూనివర్సిటీ కాలేజీలోను మూడు బృందములు ఆ పత్రమును చేతబట్టుకొని వేరువేరుగా ప్రోగ్రాములుగా అల్లి చూచిరి. కాగితముమీద కనబడని లోపము అల్లినప్పుడు కనబడును.

కనబడెను కూడ. బోల్ట్ బెరానెక్‌లో రే టామ్లిన్‌సన్ – ఈమెయిలు చిరునామాలోని ‘ఎట్’ గుర్తును పెట్టినవాడీయనే – దస్త్రములను ఈ కొత్త పద్ధతిని ముద్రణయంత్రమునకు పంపుచుండగా, ముగిసిపోయిన పాత సంభాషణలోని ముక్కలు కొత్త దస్త్రము నడుమ వచ్చి పడుచుండెను. దారిలో ఎక్కడనో చిక్కుకొని ఆలస్యముగా చేరిన పొట్లమును, వరుససంఖ్య సరిపోవుటచేత, అవతలి యంత్రము తనదేయని తీసికొనుచుండెను. పెండ్లి భోజనమున గతవారపు పెండ్లికి వచ్చిన చుట్టము కూర్చున్నట్లాయెను. దీనికి విరుగుడేమనగా, ప్రతి సంభాషణను ఎప్పటికప్పుడు వేరొక సంఖ్యతో మొదలుపెట్టవలెను, ఆ సంఖ్యను ఉభయులును ముందుగా ఒప్పుకొనవలెను. సంఖ్యను గడియారము చూచి ఎంచుకొందురు. నాలుగు మైక్రోసెకండ్లకు ఒక్కటి చొప్పున పెరుగు ఆ లెక్క ఒక చుట్టు తిరిగి రాకముందే పాత పొట్లములు నశించిపోవును. ఒప్పందమునకు మూడు పలుకులు చాలును. కాలువకు ఇవతలి గట్టునుండి ఒకడు కేక వేయును: “ఒరే సుబ్బయ్యా, వినబడుతోందా?” అవతలివాడు: “వినబడుతోంది మావా, మరి నా మాట నీకు వినబడుతోందా?” మొదటివాడు: “ఆ, వినబడుతోంది, ఇక చెబుతా విను.” రెండింటితో సరిపెట్టినచో రెండవవాని గొంతు మొదటివానికి చేరినదో లేదో రెండవవానికి తెలియదు, నాలుగవది అనవసరము. ఈనాడు మనము ఫోనులో ఒక వార్తాపత్రిక పుటను తెరచినప్పుడును తరచుగా ఈ మూడు కేకలే లోపల ముందుగా నడుచును.

1976 ఆగస్టు 27వ తేదీన స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థవారు రేడియో సామగ్రి నింపిన ఒక వ్యానును పోర్టోలా వ్యాలీలోని ‘రొసాటీస్’ అను పానశాల పెరటిలో నిలిపి, లోపలినుండి తీగ లాగి ఒక కొయ్యబల్లమీద కంప్యూటరు మీటలపెట్టెను పెట్టుకొని, తమ వారపు నివేదికను పంపిరి. అది రేడియోలో బయలుదేరి ఆర్పా తంతిమీదికి మారి గమ్యము చేరెను. రెండు అల్లికలు కలిసెను. మరుసటి ఏడు నవంబరు 22వ తేదీన అదే వ్యాను బేషోర్ రహదారిమీద పరుగెత్తుచుండగా పంపిన పొట్లములు రేడియోనుండి తంతికి, తంతినుండి అట్లాంటిక్ దాటి నార్వేకు, అటనుండి లండనుకు, మరల ఉపగ్రహముమీదుగా సముద్రము దాటి దక్షిణ కాలిఫోర్నియాకు చేరెను. నేరుగా పోయినచో నాలుగు వందల మైళ్ల దూరము. ఇవి తిరిగినది తొంబది నాలుగు వేల మైళ్లు. ఒక్క బిట్టయినను పోలేదని సెర్ఫ్ నేటికిని మురిసిపోవును.

ఇంత జరిగినను మర్యాద ఇంకను కుదురలేదు. టీసీపీ అని పేరుపడిన ఈ కొత్త మర్యాద అప్పటికి ఒక్కటే ముద్ద: చిరునామా చూచి పంపుటయు, వరుస సరిచూచి పోయినది తిరిగి తెప్పించుటయు దానిలోనే. దక్షిణ కాలిఫోర్నియాలోని సమాచార శాస్త్రసంస్థలో డానీ కోహెన్ అను ఆయన మనుష్యుని గొంతును పొట్లములుగా కట్టి పంపు ప్రయోగములు చేయుచుండెను. ఆయనకు ఈ టీసీపీ కంటిలో నలుసువలె ఉండెను. ఉత్తరమున ఒక వాక్యము పోయినచో తిరిగి తెప్పించుకొనవచ్చును. మాటలో ఒక అక్షరము పోయినచో చెవి దానిని సర్దుకొనును. అది వచ్చువరకు తక్కిన మాటనంతయు బిగబట్టినచో సంభాషణయే చచ్చును. ఆవకాయ ఆలస్యమైన కొలది రుచి, పాలు ఆలస్యమైన కొలది విరుగుడు. రెండింటిని ఒకే బండిలో ఒకే నియమముతో పంపుట ఏమి న్యాయము? 1977 ఆగస్టులో జాన్ పోస్టెల్ కూడ, పనులను అంతరువులుగా వేరుచేయవలసినచోట మనము కలిపివేసి రూపకల్పనను చెడగొట్టుచున్నామని నిర్మొగమాటముగా ఒక పత్రము వ్రాసెను. 1978 మొదట ఒక సభ విరామమున సెర్ఫ్, పోస్టెల్, కోహెన్ ముగ్గురును నడవలో నిలుచుండి ఒక పెద్ద అట్టముక్కమీద బొమ్మలు గీసికొనుచు ముద్దను రెండుగా కోసిరి. చిరునామా చూచి పంపుట మాత్రము చేయునది ఐపీ. దానిమీద కూర్చుండి వరుస, లోటు చూచుకొనునది టీసీపీ. గొంతు పంపువానికి టీసీపీతో పని లేదు, ఐపీ చాలును. తక్కువ కోరవలెనన్న కాన్ సూత్రమునకు పూర్తి రూపము వచ్చినది సభాస్థలిలో గాక ఆ నడవలోనే.

ఆ కోసిన రూపమును 1981 సెప్టెంబరున పోస్టెల్ కూర్చిన 791, 793 సంఖ్యల పత్రములలో చూడవచ్చును. ఒక ఉదాహరణము దగ్గరగా చూతము. న్యూజెర్సీలోని కుమారుడు తెనాలిలోని తల్లికి ‘అమ్మ’ అని మాత్రము పంపెననుకొనుడు. నేటి లిపిసంకేతములో ‘అ’ అనగా 224, 176, 133 అను మూడంకెలు, మూడు బైట్లు. ‘మ’కు మూడు, దాని పొల్లునకు మూడు, వత్తుగా దిగిన ‘మ’కు మరి మూడు, వెరసి పండ్రెండు. దీనిచుట్టు మొదట టీసీపీ కాగితము, తక్కువలో తక్కువ ఇరువది బైట్లు: ఈ ముక్క వరుసలో ఎక్కడిది, అవతలినుండి ఎంతవరకు అందినది, ఇంకెంత పట్టుటకు చోటున్నది. దానిపై ఐపీ కాగితము, మరి ఇరువది: ఎవరినుండి, ఎవరికి, మరియు ఈ పొట్లమునకు ఆయువెంత. ప్రతి ద్వారము ఆ ఆయువునుండి ఒకటి తగ్గించును. సున్న అయినచో పారవేయును, లేకున్న దారి తప్పిన పొట్లములు ప్రేతములవలె శాశ్వతముగా తిరుగుచుండును. నడుమ రహస్యభద్రతకై వేయు తొడుగులను నేను లెక్కింపలేదు. పండ్రెండు బైట్ల అమ్మకు నలుబది బైట్ల పొట్లము. దుబారాయనవచ్చును. కాని ఆ పత్రములు వ్రాసిననాటికి కంప్యూటరులో తెలుగక్షరమునకు ఈ సంకేతమే పుట్టలేదు. పదేండ్లకు పుట్టినప్పుడు వానిలో ఒక్క వాక్యమును సవరింపనక్కరలేకయే మన అక్షరము సాగిపోయెను, ఏలయన లోపల ఏమున్నదని ఆ కాగితము అడుగదు.

చిరునామా విషయమున మాత్రము దూరదృష్టి చాలలేదు. 1974 వ్యాసమున అల్లికలకు కేటాయించినది ఎనిమిది బిట్లు, అనగా 256. ప్రపంచమున అంతకుమించి అల్లికలు ఎక్కడ వచ్చునని వారి లెక్క. తరువాత ముప్పదిరెండు బిట్లా, నూట ఇరువది ఎనిమిదా, పొడవు మారుచుండునదా అని ఏడాదిపాటు వాదులాడి, ఇది ప్రయోగమే గదాయని సెర్ఫ్ ముప్పదిరెండుతో తెంచివేసెను. 429 కోట్ల పైచిలుకు చిరునామాలు. ఆ ప్రయోగము ఇంకను ముగియలేదని ఆయనయే నవ్వుచు చెప్పుకొనును.

కొత్త మర్యాద వ్రాసినంత మాత్రమున పాత మర్యాద పోదు. సుమారు 400 కంప్యూటర్లు ఎన్‌సీపీతో హాయిగా నడుచుచుండగా మార్చుకొనుటకు ఎవనికి తీరిక? 1982 నడుమ ఒకనాడు, ముందు చెప్పియే, ఎన్‌సీపీని దినమంతయు కట్టివేసిరి. టీసీపీ పెట్టుకొననివారు మూగలైరి. గోలపెట్టిరి. ఆ ఏడే మరియొకమారు రెండు దినములు కట్టివేసిరి. 1983 జనవరి 1వ తేదీన శాశ్వతముగా మార్చిరి. నూతన సంవత్సరపు సంబరములో ఉండవలసినవారు యంత్రశాలలలో జాగరణ చేసిరి. ఆ గండము గడచి బ్రతికితిమని వ్రాసిన బిళ్లలను పిదప చొక్కాలకు తగిలించుకొనిరి. ఈనాడు అట్లు ఒక తేదీ పెట్టి లోకమునంతయు మార్చుట ఊహకు కూడ అందదు.

ఈలోగా అంతర్జాతీయ ప్రమాణసంస్థవారు ఏడంతస్తుల మేడవంటి ‘ఓఎస్ఐ’ అను వేరొక పద్ధతిని నిర్మించుచుండిరి. అనేక దేశముల ప్రభుత్వములు దానికే మొగ్గినవి. ప్రతి దేశపు ప్రతినిధికి ఓటు, ప్రతి ఓటునకు ఒక సవరణ. అందు పండితులకు కొరత లేదు, నడిచెడి యంత్రమునకే కొరత. టీసీపీ వారి కూటమిలో ఓట్లు లేవు. ఒక ప్రతిపాదన నచ్చినవారిని మూతి మూసికొని ‘ఊఁ’ అని మూల్గుమందురు, నచ్చనివారిని అట్లే. ఏ హుంకారము పెద్దదో విని, మొత్తముమీద ఏకాభిప్రాయమున్నదో లేదో గ్రహింతురు. 1992 జులైలో ఆ కూటమి ఎదుట డేవిడ్ క్లార్క్ అను పెద్ద, తమకు రాజులును అధ్యక్షులును ఓట్లును వలదని, సుమారైన సమ్మతియు నడిచి చూపిన ప్రోగ్రామును ఉన్న చాలునని ప్రకటించెను. ఆ మాట వారికి నేటికిని మంత్రము.

మంత్రము పఠించుటకు ఆరేండ్లు ముందే దానికి పరీక్ష వచ్చెను. ఏ హామీయు ఇయ్యని తపాలా అందరును వాడుకొన్నప్పుడు ఏమగునన్న ప్రశ్నకు 1986 అక్టోబరున బదులు దొరికినది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును బర్క్‌లీలోని విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము నాలుగు వందల గజములు. సెకండునకు 32,000 బిట్లు పోవు ఆ దారిలో ఒకనాడు 40 బిట్లు మాత్రము పోవుచుండెను. కాగితము చేతబట్టుకొని నడిచిపోయినచో ముందు చేరును. కారణము మర్యాదలోనే ఉన్నది. పొట్లము అందినట్లు కబురు రానిచో పంపినవాడు మరల పంపవలెను గదా. రద్దీ వలన కబురు ఆలస్యమయ్యెను, పోయినదనుకొని అందరును మరల పంపిరి, రద్దీ ఇనుమడించెను, ఒకే పొట్లము నాలుగైదు మారులు దారినెక్కి, ఏదియు ముందుకు కదలకుండెను. ప్రయోగశాలలోని వాన్ జేకబ్‌సన్, విశ్వవిద్యాలయములోని మైక్ కారెల్స్ కూర్చుండి దీనిని నెలల తరబడి శోధించిరి. ఎందుకు చెడినదని మొదలుపెట్టి, చివరకు ఇన్నాళ్లు ఎట్లు నడిచినదన్న ఆశ్చర్యమున పడిరి.

వారు కనుగొన్న ఉపాయము ఇది. ఎదుట దారి ఎంత వెడల్పో తెలియనివాడు మొదట ఒక్క పొట్లమే పంపవలెను. అందిన కబురు వచ్చినచో రెండు, ఆ పైన నాలుగు, ఎనిమిది. ఎక్కడనో ఒకటి పోయినదని తెలిసిన వెంటనే దానిని దారి నిండినదనుటకు గుర్తుగా తీసికొని, వేగము సగమునకుపైగా తగ్గించి మరల మెల్లగా ఎక్కవలెను. ఎవ్వరును చెప్పకుండ, ఎవరి రద్దీ ఎవరికి తెలియకుండ, ప్రతివాడును తన కొసనుండియే తగ్గుట. ఈ మార్పు 1988లో బర్క్‌లీ యూనిక్సు ద్వారా ఊరూరికి పోయెను. ఇందుకై నడిమి ద్వారయంత్రములలో ఒక్కదానినైనను విప్పవలసిన పని లేకపోయెను; కొసలనున్న కంప్యూటర్ల టీసీపీలో కొన్ని పంక్తులు మాత్రము మారినవి.

(వచ్చు సంచికలో: 429 కోట్ల చిరునామాలు చాలని కథ)